వ్యాఖ్యాత – రెండు అర్థాలు: నోవీ కపాడియా ఫుట్‌బాల్ కథనంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగులో ‘వ్యాఖ్యాత’ అనే మాట కావ్యానికి అర్థం చెప్పే పండితునికీ, మైదానంలో జరిగే ఆటను మాటల్లో వినిపించే వ్యక్తికీ సమానంగా వాడుకలో ఉంది. ఢిల్లీలో ఆంగ్ల సాహిత్యం బోధిస్తూ దశాబ్దాలపాటు ఫుట్‌బాల్ వ్యాఖ్యానం చేసిన నోవీ కపాడియా ఈ రెండు పనులనూ నిర్వహించినవారు. ఆయన వ్యాఖ్యానానికి ఆధారం వర్ణన కాదనీ, జ్ఞాపకమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ పద్ధతిలోని బలాన్నీ పరిమితినీ తెలుగువారి వ్యాఖ్యాన, కథన సంప్రదాయాల వెలుగులో పరిశీలిస్తుంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర తెలుగు కథనంలోకి రాకపోవడాన్ని సాహిత్య సమస్యగా చర్చిస్తుంది.

కీలకపదాలు: వ్యాఖ్యానం, మౌఖిక కథనం, జ్ఞాపకం, నోవీ కపాడియా, హైదరాబాద్ ఫుట్‌బాల్, బుర్రకథ, పెద్దాపురం.

1. ప్రవేశిక

సంస్కృత పంచకావ్యాలు చదివే విద్యార్థికి ‘వ్యాఖ్యాత’ అనగానే కోలాచల మల్లినాథసూరి గుర్తుకు వస్తాడు. రేడియో విన్న సామాన్య శ్రోతకు అదే మాట వినగానే మైదానం నుంచి వినిపించే ఒక గొంతు గుర్తుకు వస్తుంది. ఒకే పదం ఈ రెండు వృత్తులకూ చెల్లడం యాదృచ్ఛికమనిపించవచ్చు. ఇంగ్లీషులో ఈ రెండో పనికి ఉన్న పేరును అనువదించబోయి తెలుగు పాత్రికేయులు పాత మాటనే వాడి ఉంటారని సరిపెట్టుకోవచ్చు. అయితే పదం పాతదైనప్పుడు దానితోపాటు కొన్ని పాత నియమాలు కూడా వస్తాయి. మూలంలో లేనిదాన్ని రాయననీ, అక్కరలేనిదాన్ని చెప్పననీ మల్లినాథుడు తనకు తాను రెండు కట్టుబాట్లు విధించుకున్నాడు. ఈ కట్టుబాట్లు ఆట వ్యాఖ్యాతకు ఎంతవరకు వర్తిస్తాయన్నది పరిశీలించదగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు గోదావరి ప్రాంతంలో మరొక కోణం ఉంది. పెద్దాపురం సంస్థానంతో ముడిపడిన పద్దెనిమిదో శతాబ్ది కవి ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి సుభాషితాలను తెలుగు చేశాడు. ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా అదే మూలాన్ని తెలుగులోకి తెచ్చారు. మూలం ఒకటే అయినా ముగ్గురి పద్యాలు మూడు విధాలుగా నడిచాయి. జనం నాలుక మీద ఎక్కువగా నిలిచినవి లక్ష్మణకవి పద్యాలే. మూలాన్ని స్వయంగా చూడలేని పాఠకునికి దాన్ని తన మాటలో అందించిన అనువాదకుడు, మైదానాన్ని స్వయంగా చూడలేని శ్రోతకు ఆటను అందించే వ్యాఖ్యాత – వీరిద్దరి బాధ్యత ఒకే జాతికి చెందినది. చెప్పేవాని నోట మూలం ఎలా మారుతుంది, ఎంత మిగులుతుంది, ఎందుకు నిలుస్తుంది అన్నవే ఇద్దరి విషయంలోనూ అడగవలసిన ప్రశ్నలు.

2. నోవీ కపాడియా: జీవితరేఖలు

నోవీ కపాడియా పార్సీ సమాజానికి చెందినవారు. ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిధిలోని శ్రీ గురు తేగ్‌బహదూర్ ఖాల్సా కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధించారు. బోధనతోపాటు పత్రికలకు ఫుట్‌బాల్ గురించి రాశారు. దూరదర్శన్‌లోనూ ఇతర ప్రసారాల్లోనూ వ్యాఖ్యానం చేశారు. తొమ్మిది ఫిఫా ప్రపంచ కప్పులను అనుసరించి వార్తలూ విశ్లేషణలూ అందించారు. పాత ఆటలు, ఆటగాళ్లు, క్లబ్బులు, గోళ్లు – వీటన్నిటినీ కాగితం చూడకుండా చెప్పగల మనిషిగా ఆయనకు పేరు. భారత ఫుట్‌బాల్‌కు నడిచే విజ్ఞాన సర్వస్వమని సహచర పాత్రికేయులు ఆయనను పిలుచుకున్నారు.

సాహిత్య విమర్శకునిగా ఆయన కృషి ఫుట్‌బాల్ అభిమానులకు అంతగా తెలియదు. అమితావ్ ఘోష్ నవల ‘ది షాడో లైన్స్’పై విమర్శ వ్యాసాల సంపుటికి ఆయన సంపాదకత్వం వహించారు. పార్సీ రచయితల కథాసాహిత్యంపై వెలువడిన ‘పార్సీ ఫిక్షన్’ సంపుటాల సంపాదకులలో ఆయన ఒకరు. ఫుట్‌బాల్‌పై ‘ది ఫుట్‌బాల్ ఫెనాటిక్స్ ఎసెన్షియల్ గైడ్’, 2017లో ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ అనే పుస్తకాలు రాశారు. రెండో పుస్తకం భారత ఫుట్‌బాల్ చరిత్రను అనేక నగరాల, క్లబ్బుల, మనుషుల కథగా చెబుతుంది.

చివరి సంవత్సరాల్లో మోటార్ న్యూరాన్ వ్యాధి ఆయనను చక్రాల కుర్చీకి, ఆపై మంచానికి పరిమితం చేసింది. 2021లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ఆయనకు 4 లక్షల రూపాయల ఆర్థిక సహాయం మంజూరు చేసింది. అదే సంవత్సరం నవంబరు 18న ఆయన మరణించారు. కండరాలను ఒక్కొక్కటిగా వశం తప్పించే ఈ వ్యాధి గొంతుతో బతికిన మనిషిని పట్టుకోవడం విషాదం. విమర్శ దృష్టికి మాత్రం ఇందులో మరో విషయం కనిపిస్తుంది. ఆయన నోట పలికిన మాటల్లో అధికభాగం పలికిన క్షణంతోనే పోయింది. నిలిచినవి పుస్తకాలు. అందువల్ల ఆయన వ్యాఖ్యానాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన రచనే ప్రధానమైన ఆధారమవుతోంది.

3. రాయబడుతుండగానే చెరిగిపోయే మూలం

మల్లినాథుని ముందు కాళిదాసు శ్లోకం ఉంది. ఎన్నిసార్లు చదివినా అది మారదు. వ్యాఖ్యాత తప్పు చెబితే పాఠకుడు మూలాన్ని చూసి పట్టుకోగలడు. ఆట వ్యాఖ్యాత ముందున్న మూలం అటువంటిది కాదు. అది అతడు చెబుతుండగానే పుడుతుంది, చెప్పడం పూర్తికాకముందే గతమైపోతుంది. తర్వాతి క్షణం ఏమవుతుందో వ్యాఖ్యాతకూ తెలియదు. రామాయణం చెప్పే హరిదాసుకు రావణుడు చస్తాడని ముందే తెలుసు, వినేవారికీ తెలుసు. ఫుట్‌బాల్ వ్యాఖ్యాతకు ఆ భరోసా లేదు. కథ ముగింపు తెలియని కథకుడు అతడు.

రేడియో తొలినాళ్లలో ఈ ఇబ్బందిని ప్రసారకర్తలు చాలా స్థూలమైన పద్ధతిలో ఎదుర్కొన్నారు. 1927 జనవరి 22న లండన్‌లోని హైబరీ మైదానంలో ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల ఆటను బి.బి.సి. ప్రసారం చేసినప్పుడు హెచ్.బి.టి. వేక్‌లమ్ వ్యాఖ్యానించాడు. ‘రేడియో టైమ్స్’ పత్రిక మైదానాన్ని సంఖ్యలు వేసిన ఎనిమిది గళ్లుగా విభజించిన పటాన్ని ముందుగానే ప్రచురించింది. వేక్‌లమ్ ఆటను వర్ణిస్తుంటే పక్కనున్న మరో గొంతు బంతి ఏ గడిలో ఉందో సంఖ్య చెప్పేది. శ్రోత పటం ముందు పెట్టుకుని ఆట ‘చూసేవాడు’. స్థలాన్ని పటం చూసుకుంటే కాలాన్ని గొంతు చూసుకునేది. వ్యాఖ్యానం అంటే స్థలాన్నీ కాలాన్నీ మాటల్లో కలిపి కట్టడమేనన్న సంగతి ఈ తొలి ప్రయత్నంలోనే స్పష్టమైంది.

టెలివిజన్ వచ్చాక గడుల అవసరం పోయింది. బంతి ఎక్కడుందో ప్రేక్షకునికే కనబడుతోంది. ‘అతడు బంతిని తన్నాడు’ అని చెప్పే వ్యాఖ్యాత మల్లినాథుని రెండో కట్టుబాటును ఉల్లంఘించినట్టే, ఎందుకంటే ఆ మాట ఎవరికీ అక్కరలేదు. మరి టెలివిజన్ వ్యాఖ్యాత చెప్పవలసింది ఏమిటి? కపాడియా వ్యాఖ్యానానికి ప్రత్యేకత ఈ ప్రశ్న దగ్గరే కలుగుతుంది. తెరమీద కనబడనిదేదో అదే ఆయన చెప్పారు. ఈ ఆటగాడు ఏ ఊరి నుంచి వచ్చాడు, ఇతని వలె ఆడినవారు పూర్వం ఎవరు, ఈ రెండు జట్లు ఇంతకుముందు ఎదురైనప్పుడు ఏం జరిగింది – ఇవి కంటికి కనబడవు. ఇవి జ్ఞాపకంలో ఉంటాయి.

4. జ్ఞాపకం పద్ధతిగా

కపాడియా వ్యాఖ్యానంలో వర్తమానం ఒంటరిగా రాదు. ఎదురుగా ఆడుతున్న ఆట పక్కన ఎప్పుడో ముగిసిన ఆట ఒకటి వచ్చి నిలుస్తుంది. కావ్య వ్యాఖ్యాత ఒక శ్లోకానికి అర్థం చెబుతూ అదే భావం గల మరో శ్లోకాన్ని ఉదాహరించడం మనకు పరిచయమైన పద్ధతే. ఆ ఉదాహరణ వల్ల ఎదుటి శ్లోకం ఒక పరంపరలో చోటు సంపాదించుకుంటుంది. కపాడియా ఆట విషయంలో ఇదే చేశారని చెప్పవచ్చు. భారత ఫుట్‌బాల్‌కు ఇది ప్రత్యేకించి అవసరమైన పని. క్రికెట్‌లో ప్రతి పరుగూ గణాంక పుస్తకంలో ఎక్కుతుంది. భారత ఫుట్‌బాల్‌లో పాత ఆటల చలనచిత్రాలు అరుదు, లిఖిత నమోదులు చెల్లాచెదురు. పరంపరను చూపగల గ్రంథం లేనిచోట మనిషే గ్రంథం కావలసి వచ్చింది.

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా ఉంది. జ్ఞాపకం దానంతట అది రుజువు కాదు. భారత ఫుట్‌బాల్‌లోనే దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి కనిపిస్తుంది. 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు భారత జట్టు వెళ్లలేదు. పాదరక్షలు లేకుండా ఆడేందుకు అనుమతించనందువల్లే వెళ్లలేదన్న కథ దేశమంతా పాకింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్లలో అధికులు వట్టికాళ్లతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2–1తో ఓడిన మాట నిజం. ఆ నిజాన్ని ఆనుకుని ఈ కథ పెరిగింది. నాటి సమాఖ్య ప్రపంచ కప్పు కంటే ఒలింపిక్స్‌కు ఎక్కువ విలువ ఇవ్వడం, సుదీర్ఘ ప్రయాణం, సన్నాహాల లోపం వంటి కారణాలను చరిత్రకారులు ముందుకు తెచ్చారు. అయినా జనం మనసులో వట్టికాళ్ల కథే నిలిచింది, ఎందుకంటే అది చెప్పడానికి బాగుంటుంది. మూలంలో లేనిదాన్ని చెప్పకూడదన్న మొదటి కట్టుబాటు ఎంత విలువైనదో ఇటువంటిచోట తెలుస్తుంది.

రెండో ప్రమాదం అధికత్వం. జ్ఞాపకం నిండుగా ఉన్న వ్యాఖ్యాతకు ఎక్కడ ఆగాలో తెలియడం కష్టం. పాత ఆట కథ పూర్తయ్యేలోగా కొత్త ఆటలో గోల్ పడిపోవచ్చు. ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ చదివేటప్పుడు కూడా ఈ ఒత్తిడి కనబడుతుంది. పేర్లు, సంవత్సరాలు, ఫలితాలు దట్టంగా వస్తాయి. ఒక ఆటగాని మనసులోకి వెళ్లబోతున్నామనుకునే సమయానికి కథనం మరో ఆటగాని దగ్గరకు సాగిపోతుంది. నవలాపాఠకునికి ఇది లోటుగా తోచవచ్చు. అయితే ఈ లోటుకు మూలం రచయిత స్వభావంలో కంటే పరిస్థితిలో ఎక్కువగా ఉంది. తాను రాయకపోతే ఈ పేర్లు ఎక్కడా మిగలవన్న తొందర ఆ పుటల్లో ఉంది. ఎవరినీ వదిలిపెట్టకూడదనుకున్న రచన ఎవరి దగ్గరా ఎక్కువసేపు కూర్చోలేదు.

5. నవల నుంచి ఆటవైపు

కపాడియా సాహిత్య విమర్శకూ ఫుట్‌బాల్ రచనకూ సంబంధం లేదని అనుకోవడం తేలిక. ఆయన విమర్శకు ఎంచుకున్న రచనలను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. 1988లో వెలువడిన ‘ది షాడో లైన్స్’లో కథకుడు తాను చూడని సంఘటనలను ఇతరుల జ్ఞాపకాల నుంచి కూర్చుకుంటాడు. త్రిదీబ్ చెప్పిన మాటల ద్వారా లండన్ నగరాన్ని చూడకముందే చూస్తాడు. 1964 నాటి ఢాకా అల్లర్లలో త్రిదీబ్ ఎలా మరణించాడన్నది ఏళ్ల తరబడి ముక్కలు ముక్కలుగా తెలుసుకుంటాడు. పత్రికల్లో మూలకు పడి ఉన్న వార్తను వెదికి, తన జ్ఞాపకంతో పోల్చుకుంటాడు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం, చెప్పినదాన్ని నమోదులతో సరిచూసుకోవడం ఆ నవలలో కథకుని రెండు ప్రధాన వ్యాపారాలు.

‘బేర్‌ఫుట్ టు బూట్స్’ రచయిత స్థితి కూడా ఇదే. మెల్‌బోర్న్ 1956, జకార్తా 1962 – భారత ఫుట్‌బాల్ శిఖరాలైన ఈ ఘట్టాలు ఆయన వ్యాఖ్యాతగా ఎదుట కూర్చుని చెప్పినవి కావు. ఆడినవారి నోటా, చూసినవారి నోటా విని చెప్పినవి. పార్సీ కథాసాహిత్యంపై ఆయన ఆసక్తిని కూడా ఇదే వరుసలో చూడవచ్చు. సంఖ్యలో తగ్గిపోతున్న ఒక సమాజం తన వీధులను, ఇంటి మాటలను, మనుషులను నవలల్లో భద్రపరచుకుంటున్న తీరు ఆయనకు దగ్గరగా తెలుసు. భారత ఫుట్‌బాల్‌ను కూడా ఆయన తగ్గిపోతున్న సమాజంగానే చూశారని భావించడానికి అవకాశం ఉంది. ఆయన పుస్తకంలోని తపన చరిత్రకారునిది మాత్రమే కాదు. తన వాళ్ల పేర్లు చెప్పుకునే ఇంటిమనిషి తపన కూడా అందులో కలిసింది.

6. హైదరాబాద్: తెలుగు చెప్పని తెలుగునేల కథ

ఈ కృషిలో తెలుగు పాఠకునికి ప్రత్యక్షంగా సంబంధించిన భాగం హైదరాబాద్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పులోనూ విజయాలు సాధించింది. రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహ్మద్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ ఆటగాళ్లు ఉన్నారు. 1962 సెప్టెంబరు 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో భారత్ దక్షిణ కొరియాను 2–1తో గెలిచింది. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించారు. ఆ ఆటగాడే ఫైనల్‌లో ఒక గోల్ చేశాడు. మరొకటి పి.కె. బెనర్జీది. మరుసటి సంవత్సరం జూన్‌లో రహీం క్యాన్సర్‌తో మరణించారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. ఆ తర్వాత ఆ వైభవం మెల్లగా తగ్గింది.

ఒక గురువు, వరుస విజయాలు, అనారోగ్యం, ఆఖరి గెలుపు, మరణం – ఇంత కథాసామగ్రి ఉన్న చరిత్ర తెలుగునేల మీద జరిగింది. ఇది కలకత్తాలో జరిగి ఉంటే బెంగాలీ పాఠకునికి చేరే దారులు అనేకం. మోహన్‌బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బుల పోటీ బెంగాలీ పత్రికల్లో, కథల్లో, సినిమాల్లో, ఇంటి భోజనాల దగ్గర కూడా మాటగా బతికింది. 1911 జులై 29న మోహన్‌బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2–1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ గెలవడం అక్కడ జాతీయోద్యమ కథలో భాగమైంది. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు తెలుగులో అటువంటి కథకులు దొరకలేదు. అజీజుద్దీన్, నూర్ మహ్మద్ వంటివారి ఇంటి మాట దక్కనీ ఉర్దూ. కంటోన్మెంటు ఆటగాళ్లలో తమిళం మాట్లాడేవారున్నారు. వార్తలు ఎక్కువగా ఇంగ్లీషులో, ఉర్దూలో వచ్చాయి. తెలుగు సాహిత్యం తన భాష మాట్లాడనివారి విజయాన్ని తనదిగా భావించలేదు. విమర్శ కూడా ఈ మౌనాన్ని ప్రశ్నించినది తక్కువ.

ఇక్కడ కపాడియా పాత్ర ఆసక్తికరంగా మారుతుంది. ఢిల్లీలోని ఒక పార్సీ ఆచార్యుడు హైదరాబాద్ ఆటగాళ్ల పేర్లను గుర్తుపెట్టుకుని, వారి నగరానికి భారత ఫుట్‌బాల్ చరిత్రలో దక్కవలసిన స్థానాన్ని గట్టిగా చెప్పారు. తెలుగు పాఠకుడు తన నేల మీది కథను ఇంగ్లీషు పుస్తకంలో, పరాయి నగరం మనిషి మాటలో చదువుకోవలసి వస్తోంది. లక్ష్మణకవి సంస్కృతం నుంచి తెలుగులోకి తెచ్చిన సుభాషితాలు తెలుగువారి సొత్తయ్యాయి. హైదరాబాద్ ఫుట్‌బాల్ కథకు దారి తిరగబడింది. తెలుగునేల మీద పుట్టింది ఇంగ్లీషులో స్థిరపడి, తెలుగులోకి అనువాదమైనా కావలసిన స్థితిలో ఉంది.

7. తెలుగులో చెప్పవలసి వస్తే

ఈ కథను తెలుగులో చెప్పడానికి అడ్డంకి ఆసక్తి లేకపోవడం ఒక్కటే కాదు. వాక్యనిర్మాణంలోనూ ఒక చిక్కు ఉంది. 2022లో ఏర్పడిన కాకినాడ జిల్లాలోని పెద్దాపురంలో ఉన్న ఒక శ్రోతను ఊహించుకుని, అతనికి ఒక ఫుట్‌బాల్ ఆటను తెలుగులో వినిపించాలనుకుంటే ఈ చిక్కు స్పష్టమవుతుంది.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘బలరాం ఎడమవైపు నుంచి బంతిని మధ్యలో ఉన్న సహచరునికి అందించాడు’ అనే కల్పిత వాక్యాన్ని తీసుకోవచ్చు. కర్త, స్థలం, కర్మ, గ్రహీత అన్నీ అయ్యాక గాని జరిగినదేమిటో శ్రోతకు తెలియదు. అప్పటికి బంతి మూడో మనిషి కాలి దగ్గర ఉంటుంది. కాలం విషయంలోనూ ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు వ్యాఖ్యాత జరుగుతున్న పనిని సామాన్య వర్తమానంలో చెప్పగలడు. తెలుగులో ‘అందిస్తాడు’ అంటే అది తద్ధర్మమో భవిష్యత్తో అవుతుంది. ‘అందిస్తున్నాడు’ అంటే పని ఇంకా సాగుతున్నట్టు. ‘అందించాడు’ అంటే పని అయిపోయింది. రెప్పపాటులో పుట్టి ముగిసే చర్యకు తెలుగు క్రియారూపాలలో సూటిగా అమరే చోటు దొరకదు.

అయినా తెలుగువాడు పరుగును మాటలో పట్టలేడని అనుకోనక్కరలేదు. గోదావరి జిల్లాల ఎడ్ల పరుగుపందేల్లో మైకు పట్టుకున్న మనిషి ఈ చిక్కును ఏ వ్యాకరణమూ చదవకుండానే విప్పుకుంటాడు. క్రియను వదిలేస్తాడు. పేరు, స్థలం, అరుపు – ఈ మూడింటితో వాక్యం నడుపుతాడు. అదే పద్ధతిలో పై వాక్యం ‘బంతి బలరాం దగ్గర. ఎడమవైపు. అడ్డం ఇద్దరు. దాటేశాడు. మధ్యకు... గోల్!’ అవుతుంది. క్రియ ఒక్కచోట మాత్రమే, అదీ పని ముగిసినచోట భూతకాలంలో వచ్చింది. తెలుగు వ్యాఖ్యాన భాష పుట్టవలసింది పత్రికా వాక్యం నుంచి కాదు, ఈ మైకు మాట నుంచి.

వర్ణనకు మైకు మాట చాలుతుంది. కపాడియా పద్ధతిలో ప్రధానమైన జ్ఞాపకానికి అది చాలదు. దానికి మరో నమూనా కావాలి. బుర్రకథలో కథకుడు కథ నడుపుతుంటే ఒక వంత హాస్యం చెబుతాడు, మరో వంత వర్తమాన విషయాలను, రాజకీయాన్ని కథలోకి లాగుతాడు. ఒకే కథనం ముగ్గురి మధ్య పంచబడుతుంది. కథ ఆగకుండానే వెనక్కు, పక్కకు, ముందుకు వెళ్లగలుగుతుంది. ఇప్పటి ప్రసారాల్లో ఒకరు ఆటను వర్ణిస్తే మరొకరు విశ్లేషించే పద్ధతికి ఇది చాలా దగ్గరి ఏర్పాటు. జ్ఞాపకం వర్ణనను మింగేసే ప్రమాదానికి కూడా ఇందులో పరిష్కారం ఉంది. కథ అందుకోవలసిన ఘట్టం వచ్చినప్పుడు వంత తగ్గి కథకునికి దారి ఇస్తాడు. కపాడియా ఒక్కరే కథకుడూ వంతా కావడానికి ప్రయత్నించిన చోట కథనం బరువెక్కింది. తోడు సరిగా కుదిరిన చోట ఆయన జ్ఞాపకం ఆటకు లోతు ఇచ్చింది.

పెద్దాపురానికి దగ్గరలో సామర్లకోట మండలంలోని మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. తెర వెనుక బొమ్మ కదులుతుంటే గొంతు దానికి ప్రాణం పోస్తుంది. కేతిగాడు, బంగారక్క మధ్యలో వచ్చి ఈనాటి మాట చెప్పి పోతారు. ఆషాఢంలో నెలకు పైగా సాగే పెద్దాపురం మరిడమ్మ జాతర వంటి సందర్భాల్లో జనం రాత్రిళ్లు కూర్చుని చూసి, విని, మాటామాటా కలిపే అలవాటు ఇక్కడ కొత్తది కాదు. బొమ్మ ఎదుటే ఉన్నా గొంతు ఎందుకు కావాలన్న ప్రశ్నకు తోలుబొమ్మలాట ఎప్పుడో సమాధానం చెప్పింది. కంటికి కనబడేది బొమ్మ కదలిక మాత్రమే. ఆ కదలిక ఎవరిది, ఎందుకు అన్నది గొంతు చెప్పాలి. టెలివిజన్ యుగంలో కపాడియా చేసిన పని ఇదే.

8. ముగింపు

నోవీ కపాడియా జీవితంలో కావ్య వ్యాఖ్యాత, క్రీడా వ్యాఖ్యాత వేరు వేరు మనుషులు కారు. చూడనిదాన్ని ఇతరుల జ్ఞాపకంతో కూర్చుకునే నవలా కథకుని గురించి ఆలోచించిన మనసే ఆటను పరంపరలో నిలిపి చెప్పింది. మల్లినాథుని కొలతలతో చూస్తే ఆయన మొదటి కట్టుబాటును, అంటే మూలానికి లోబడటాన్ని, ప్రాణప్రదంగా చూసుకున్నారు. రెండోదాన్ని, అంటే మితభాషిత్వాన్ని, కొన్నిసార్లు పక్కన పెట్టారు. నమోదులు లేని చరిత్రకు మితం పాటించడం కష్టమన్నది ఆయన పక్షాన చెప్పవలసిన మాట.

తెలుగు శాఖలకు ఈ పరిశీలన ఒక పనిని మిగులుస్తుంది. క్రీడా వ్యాఖ్యానాన్ని మౌఖిక కథన ప్రక్రియగా గుర్తించి, బుర్రకథ, హరికథ, తోలుబొమ్మలాటల పక్కన పెట్టి చదవాలి. ఎడ్లపందేల మైకు మాటల వంటి జానపద వ్యాఖ్యానాన్ని ధ్వనిముద్రణ చేసి భాషాశాస్త్ర దృష్టితో విశ్లేషించాలి. హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి ఉర్దూలో, ఇంగ్లీషులో, తమిళంలో మిగిలిన మాటలను తెలుగులోకి తెచ్చుకోవాలి. వ్యవధి ఎక్కువ లేదు. కపాడియా 2021లోనూ, తులసీదాస్ బలరాం 2023లోనూ కన్నుమూశారు. మెల్‌బోర్న్, జకార్తాలను స్వయంగా గుర్తుంచుకున్నవారు తగ్గిపోతున్నారు. ఆ ఆటలకు ఇకమీదట మూలం మైదానం కాదు, చెప్పినవారి మాటే. ఆ మాటను సేకరించి, సరిచూసి, తెలుగులో నిలపవలసిన బాధ్యత వ్యాఖ్యానం అనే పదాన్ని వేయేళ్లుగా సాహిత్య పరిభాషగా వాడుకుంటున్నవారిదే.